పులికాట్‌లో ఫాల్గుణ మాసం

పులికాట్ సరస్సుకు జనం పోటెత్తేది చలికాలంలో, ఫ్లెమింగో పండగ రోజుల్లో. పక్షుల్ని చూడటం నేర్చుకోవాలనుకునేవాళ్లకు మాత్రం ఫాల్గుణమే మంచి కాలం. ఉత్తరాది నుంచి వచ్చిన వలస పక్షులు తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యేది అప్పుడే. ఎండలు ముదిరేకొద్దీ ఆంధ్ర వైపు నీళ్లు తగ్గి బురద నేల బయటపడుతుంది. దాని మీద మేతకు దిగిన పక్షుల్ని తీరిగ్గా చూడొచ్చు.

సముద్రపు నీరూ ఏటి నీరూ కలిసే సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత పెద్దది ఇదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు రోడ్డు దీని మీదుగానే వెళ్తుంది. అది పడమర నుంచి తూర్పుకు సాగుతుంది కాబట్టి, పొద్దెక్కాక ఉత్తరం వైపు నీళ్లను చూడాలి. ఎండ వీపు మీద పడి పక్షుల రంగులు తేటగా తెలుస్తాయి. దక్షిణం వైపు తిరిగితే నీటి తళుకులో నల్లటి ఆకారాలే మిగులుతాయి.

కొత్తవాళ్లు ముందు రంగు చూస్తారు. రంగు కాలాన్ని బట్టి మారుతుంది; ముక్కు, కాళ్లు, మేత తీరు మారవు. కర్లూ శాండ్‌పైపర్ అనే చిన్న ఉల్లంకి చలికాలమంతా బూడిద రంగులో ఉంటుంది. వసంతం వచ్చేసరికి ఛాతీ మీద ఇటుక రంగు తేలడం మొదలవుతుంది. సైబీరియా ఉత్తరపు అంచున గుడ్లు పెట్టబోయే పక్షి ముస్తాబు అది. కిందికి వంగిన ముక్కును గుర్తుపెట్టుకున్నవాళ్లు దాన్ని ఏ నెలలోనైనా పోల్చుకోగలరు.

ఫ్లెమింగో మేతను దుర్భిణిలో నిదానంగా చూడాలి. పొడవాటి మెడను కిందికి వంచి, తలను తలకిందులు చేసి నీళ్లలో ముంచుతుంది. నాలుక ముందుకీ వెనక్కీ ఆడుతూ నీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంది. ముక్కు అంచుల్లో దువ్వెన పళ్లలాంటి పొరలకు నాచు, చిన్న చిన్న జీవులు చిక్కుకుంటాయి. ఒంటి మీది గులాబీ రంగు ఆ తిండి నుంచి వచ్చిందే.

గుంపును లెక్కపెట్టడానికీ ఒక పద్ధతి ఉంది. ముందు పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కించి, అవి ఎంత మేర ఉన్నాయో కంటికి పట్టించుకోవాలి. గుంపు మొత్తంలో అంత మేర ఎన్నిసార్లు వస్తుందో చూసుకుంటూ పోవాలి. వచ్చిన అంకెను తేదీ, వేళ, చోటుతో సహా అక్కడికక్కడే రాసుకోవాలి. 1987 నుంచి ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన నిలబడింది ఇలాంటి లెక్కల మీదే.

మేస్తున్న పక్షి తలెత్తి నిలబడిందంటే మనం మరీ దగ్గరికి వచ్చేశామని అర్థం. అక్కడే ఆగిపోవాలి. వేల కిలోమీటర్లు ఎగరడానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునే రోజులివి. ఫొటో కోసం గుంపును లేపితే, కూడబెట్టుకున్నదాంట్లోంచే ఖర్చవుతుంది.

సాయంత్రానికి దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చేరాలి. 1976లో అభయారణ్యమైన అక్కడి చెరువులో గూడబాతులు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్లలు పెద్దవాటి గొంతుసంచిలో తల దూర్చి చేపలు తింటాయి. ఆ చేపల కోసం పెద్దవి పులికాట్ దాకా వెళ్లివస్తాయి. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని చుట్టుపక్కల రైతులకు తెలుసు. సరస్సులో చేప, చెట్టు మీద గూడు, పొలంలో పంట ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. సరస్సు ముఖద్వారాల్లో ఇసుక మేటలు వేసి సముద్రపు నీరు రాకపోతే, నష్టపోయేది జాలర్లూ పక్షులూ కూడా.

అందుకే పక్షుల్ని చూడటం ఉత్త కాలక్షేపం కాదు. ఏటా అదే చోట, అదే రోజుల్లో చూసి రాసిన లెక్క ఉంటేనే పక్షులు తగ్గాయన్న మాటకు ఆధారం దొరుకుతుంది. ఈ ఫాల్గుణంలో పులికాట్ వెళ్లండి. దుర్భిణి లేకపోయినా ఫర్వాలేదు, నోటు పుస్తకం మాత్రం మరవకండి.