పాత పేర్ల దాకా నడిపించే కొత్త పాటలు

శుక్రవారం వచ్చిందంటే పాటల పిచ్చి ఉన్నవాళ్లకు చేతినిండా పని. 2015 జూలై నుంచి చాలా దేశాల్లో కొత్త ఆల్బమ్‌లు ఆ రోజే విడుదలవుతున్నాయి. అర్ధరాత్రి దాటగానే వినేసి, తెల్లారేలోగా బాగుందనో లేదనో తేల్చేయడం చాలామందికి అలవాటైపోయింది. అంత తొందర దేనికి? మంచి ఆల్బమ్ శ్రోతను తన దగ్గరే కట్టిపడేసుకోదు. తనకు ముందు పాడినవాళ్ల దగ్గరికి, రాసినవాళ్ల దగ్గరికి పంపిస్తుంది. 2024లో వచ్చిన కొన్నింటిని వింటే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

మే 31న వచ్చిన అరూజ్ ఆఫ్తాబ్ ఆల్బమ్ 'నైట్ రెయిన్' తెలుగువాళ్లు తప్పక వినాల్సింది. లాహోర్‌లో పెరిగి న్యూయార్క్‌లో స్థిరపడ్డ గాయని ఆమె. గ్రామీ అందుకున్న తొలి పాకిస్తానీ. గజల్, జాజ్ రెండూ ఒంటబట్టిన గొంతు అది. అయినా విద్య చూపించుకోవాలన్న ఆరాటం ఎక్కడా వినపడదు. పక్కన హార్ప్ మోగుతుంటే మాటను సాగదీసి, ఆగి, వాద్యానికి చోటిచ్చి మళ్లీ అందుకుంటారు. ఇందులోని 'నా గుల్', 'సాఖీ' పాటల సాహిత్యం హైదరాబాద్‌ది. నిజాం ఆస్థానంలో వెలిగిన కవయిత్రి, గాయని, నర్తకి మహ్ లఖా బాయి చందా రాసిన గజళ్లవి. ఆమె 1824లో కన్నుమూశారు. తల్లి కోసం మౌలాలి గుట్ట కింద తానే కట్టించిన సమాధి పక్కన ఆమె సమాధీ ఉంది. మౌలాలి స్టేషన్లో రోజూ రైలు దిగేవాళ్లలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? సరిగ్గా రెండు వందల ఏళ్ల తర్వాత ఒక లాహోర్ అమ్మాయి ఆ గజళ్లను పాడారు. 'సాఖీ'లో విజయ్ అయ్యర్ పియానో వాయించారు. ఈ పాటలు విని ఒక్కరైనా మౌలాలి వెళ్లి ఆ సమాధి చూసొస్తే ఎంత బాగుంటుంది!

బియాన్సే 'కౌబాయ్ కార్టర్' తీరు వేరు. మార్చిలో వచ్చిన ఈ ఆల్బమ్‌లో 27 ట్రాకులున్నాయి. నిజం చెప్పాలంటే ఆరేడు తగ్గించినా లోటుండేది కాదు. కానీ తెల్లవాళ్ల సొత్తుగా చెలామణి అవుతున్న కంట్రీ సంగీతంలో నల్లజాతివాళ్ల పాలు ఎంతో ఇది గట్టిగా గుర్తుచేస్తుంది. 'టెక్సాస్ హోల్డెమ్'లో మొదట మోగే బాంజో రియానన్ గిడెన్స్‌ది. ఆ వాద్యం మూలాలు బానిసలుగా అమెరికా చేరిన ఆఫ్రికన్లవేనని ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్న విద్వాంసురాలు ఆమె. మధ్యలో వినిపించే పెద్దావిడ గొంతు లిండా మార్టెల్‌ది. 1969లో కంట్రీ సంగీతానికి పేరుపడ్డ గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద పాడిన తొలి నల్లజాతి సోలో గాయని ఆమే. మరుసటి ఏడాది 'కలర్ మీ కంట్రీ' ఆల్బమ్ తెచ్చారు. ఇప్పుడు విన్నా ఆ గొంతులో పస తగ్గలేదు.

రాక్ అభిమానులకైతే నవంబర్ 1 పండగే. పదహారేళ్ల తర్వాత 'ది క్యూర్' బృందం కొత్త ఆల్బమ్ 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' తెచ్చింది. తొలిపాట 'అలోన్'లో మూడు నిమిషాలు గడిచాక గానీ గాయకుడు రాబర్ట్ స్మిత్ గొంతు విప్పరు. ఫోన్లో పాట దాటేసే వేలికి ఇది పెద్ద పరీక్ష. ఆ పాటకు ప్రేరణ 32 ఏళ్లకే పోయిన ఇంగ్లీషు కవి ఎర్నెస్ట్ డౌసన్ కవిత. అన్నయ్యను పోగొట్టుకున్న దుఃఖంతో స్మిత్ పాడిన మరో పాటా ఇందులో ఉంది. అది పని చేసుకుంటూ వినే పాట కాదు.

అదే నెల 22న ముందస్తు కబురేదీ లేకుండా కెండ్రిక్ లమార్ 'జీఎన్ఎక్స్' వచ్చి పడింది. కోపంతో రగిలే ర్యాప్ నడుమ 'లూథర్' అనే ప్రేమపాట. వెనక వినిపించేవి 1982లో లూథర్ వాండ్రాస్, షెరిల్ లిన్ కలిసి పాడిన పాటలోని గొంతులు. వాళ్లకంటే ముందు, 1967లో, ఆ పాట మార్విన్ గే, టామీ టెరెల్‌లది. ఈ మూడింటినీ వరసగా వింటే, పాత గొంతుల మీద కెండ్రిక్, ఈ పాటలో ఆయనతో గొంతు కలిపిన సిజా తమ స్వరం ఎందుకు పెంచలేదో అర్థమవుతుంది.