త్రాడు లేని గంటలు

ఇంగ్లండునందలి సఫోక్ సీమలోని ఈస్ట్ బెర్గోల్ట్ గ్రామమును చిత్రకారుడు కాన్‌స్టబుల్ జన్మస్థలమని తలచుటే లోకమున వాడుక. నాకు మాత్రము అచటి సెయింట్ మేరీ దేవాలయ ప్రాంగణమున నేలమీదనే నిలిచిన కొయ్యపంజరమును, అందు గంటలు మ్రోగించువారి హస్తకౌశలమును అంతకంటె ఆకర్షకములుగా తోచును. గోపురము అసంపూర్ణముగా నిలిచిపోగా 1531లో తాత్కాలికముగా కట్టిన ఆ పంజరమే నేటికిని అయిదు గంటలను మోయుచున్నది. ఇతర గ్రామములలో వాదకులు గోపురమున గంటలకు దిగువ నిలిచి, కంటికి కానరాని గంటను చక్రమునకు తగిలించిన త్రాటితో నడుపుదురు. ఇచట త్రాడును లేదు, చక్రమును లేదు. గంట తలకు బిగించిన కొయ్యదూలమును, వాదకుడు దాని ప్రక్కనే నిలిచి, ఉత్తచేతులతో త్రోయవలెను. అయిదింటిలో పెద్దది సుమారు 1,300 కిలోల లోహరాశి. దానిని కేవలభుజబలముతో గెలువబూనుట వృథాశ్రమ. అది పైకెగసి, వేగము సన్నగిల్లి, తిరుగుముఖము పట్టు రెప్పపాటును కనిపెట్టి, ఉయ్యాల నూచు తల్లివలె, కొలిచినట్లు ఇచ్చిన త్రోపునకే అంతటి కంచును లొంగును. త్రోపు రవంత బలహీనమైనను, కాలము రవంత తప్పినను వరుస చెడును గనుక, తన గంటపై చేయి నుంచి పొరుగు గంటపై చెవి నిలుపవలెను; మూరెడు దూరమున కంచు ఘోషించుచుండగా ఇది యెట్టి సాధనయో నే నూహింపజాలను! అన్యత్ర మేడమీదినుండి వచ్చు అజ్ఞాతనాదమే ఆరాధనకు పిలుచును; ఈ ఊరివారికి మాత్రము తమను పిలుచుచున్న చేతులు ఎవరివో, అవి ఎంత శ్రమించుచున్నవో నడచి వచ్చుచునే కనుపించును.