వంపు గీత – చూపు నడక

రేఖా సౌందర్యం రేఖలోనే వున్నదనే వాదం పాతది. మెలితిరిగే గీత కంటిని తన వెంట తిప్పుకుంటుందనీ, ఆ వెంటాడటంలోనే ఆనందం వుందనీ 1753లో హోగార్త్ ‘సౌందర్య విశ్లేషణ’లో వాదించాడు. కాని నిలిచివున్న గీతమీద కన్ను అలా జారిపోదు. వంపు మీదకూడా చూపు ఆగుతూ, గెంతుతూ పోతుందని 1902లో స్ట్రాటన్ కంటి కదలికల ఫోటోలతో నిరూపించాడు. మనం చూశామనుకునే నునుపు నడక మనసు కూర్చుకున్నదే.

సోవియట్ శాస్త్రజ్ఞుడు యార్బస్ 1965 నాటి గ్రంథంలో మరింత ముందుకు పోయాడు. రాజకీయ ప్రవాసి యిల్లు చేరే రేపిన్ చిత్రాన్ని ఒకే మనిషికి చూపి, ప్రశ్నలు మార్చాడు. ఆ కుటుంబం ఆర్థికస్థితి అడిగితే చూపు ఒక దారిన పోయింది. వయస్సులు అడిగితే ముఖాలమీద నిలిచింది. గీత మారలేదు, ప్రశ్న మారింది.

వంపులో అందం లేదని నేననను. దాన్ని ఏ ప్రశ్నతో చూస్తున్నామో చెప్పని రూపవాద విమర్శ సగం విమర్శే అంటాను.