వెలుగు పోసిన ఎముక, పలకల మీద కుటుంబం

సీటీ స్కానర్‌కు రంగు తెలియదు. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000 అని కొలత పెట్టుకుని, ఒంట్లో ఏ భాగం ఎక్స్‌రేలను ఎంత అడ్డుకుందో అంకెల్లో చెబుతుంది, అంతే. అదీ పొరలు పొరలుగా. ఎమ్మారై పనిచేసే తీరు వేరైనా అదిచ్చేవీ పొరలే. వాటిని మళ్లీ మనిషిగా నిలబెట్టాలంటే పొరకీ పొరకీ మధ్య సందును ఏం చేయాలో ఎవరో ఒకరు తేల్చుకోవాలి. రెండు తావుల్లో రెండు రకాలుగా తేల్చారు.

మొదటిది పిక్సార్. బొమ్మల సినిమాలతో ఇంటింటికీ తెలియకముందు ఆ సంస్థ కంప్యూటర్లు అమ్మేది. 1986లో పిక్సార్ ఇమేజ్ కంప్యూటర్ ధర 1,35,000 డాలర్లు. ఆసుపత్రులు ఎగబడి కొంటాయనుకున్నారు, కొనలేదు. అయితే బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో ఎలియట్ ఫిష్‌మన్ అనే రేడియాలజిస్టు స్కాన్లను త్రీడీ బొమ్మలుగా మార్చే పనిలో వాళ్లతో చేయి కలిపారు. 1988లో పిక్సార్‌కు చెందిన రాబర్ట్ డ్రెబిన్, లారెన్ కార్పెంటర్, పాట్ హన్రహన్ 'వాల్యూమ్ రెండరింగ్' పద్ధతిని వివరిస్తూ పత్రం రాశారు. వీరిలో కార్పెంటర్ అంతకుముందే ఫ్రాక్టల్ గణితంతో తెర మీద కొండలు లేపిన మనిషి.

ఆ పద్ధతిలో నాకు నచ్చేది దాని వినయం. అంతకుముందు ఎక్కువగా ఒక గీత గీసి, ఇవతలిది ఎముక, అవతలిది కాదు అని తీర్పు చెప్పేసేవారు. వీళ్లు ఒక్కో బిందువునూ ఇంత పాలు ఎముక, ఇంత కొవ్వు, ఇంత మెత్తటి కణజాలం అని పంచారు. తేలని చోట బొమ్మ కాస్త పారదర్శకంగా ఉండిపోతుంది. అనుమానాన్ని తుడిచేయకుండా చూపించడమంటే ఇదే.

తర్వాత ఆ వంశంలోనే పుట్టిన 'సినిమాటిక్ రెండరింగ్' వేరే దారి పట్టింది. సీమెన్స్ తెచ్చిన ఈ పద్ధతిలో కాంతి కిరణాలు శరీరంలోకి వెళ్లి, చెదిరి, నీడలు వేసి బయటికొస్తున్నట్టు లెక్క కడతారు. వెలుతురు కోసం సినిమా వాళ్లు వాడే కిటుకునే వాడతారు: ఎక్కడో నిజమైన చోట తీసిన వెలుతురు పటాన్ని బొమ్మ చుట్టూ చుడతారు. విరిగిన కటి ఎముక మీద నీడ పడుతుంది, గుండె తడిగా మెరుస్తుంది. నీడ వల్ల లోతు తెలుస్తుంది, ఏది ముందుందో ఏది వెనకుందో సర్జన్‌కు చిటికెలో అర్థమవుతుంది. దాన్ని కాదనలేం. కానీ ఆ ఎరుపు గుండెది కాదు, ఎవరో ఎంచి పెట్టింది. ఆ మెరుపూ అంతే. ఫొటోలా కనిపించేదాన్ని ఫొటో అనే నమ్ముతాం కదా! రోగ నిర్ధారణకు కూర్చున్న రేడియాలజిస్టు మాత్రం ఇప్పటికీ ముందు చూసేది నలుపు తెలుపు పొరలనే.

రెండో తావు బ్రిటిష్ కళాకారిణి మారిలీన్ ఆలివర్‌ది. 2003లో ఆమె తననూ తల్లినీ తండ్రినీ సోదరినీ ఎమ్మారైలో పడుకోబెట్టి, ఒక్కో పొరనూ పారదర్శకమైన అక్రిలిక్ పలక మీద అచ్చు వేసి, నిలువెత్తు దొంతర్లుగా పేర్చారు. పేరు 'ఫ్యామిలీ పోర్ట్రెయిట్'. సందులు పూడ్చలేదు, గాలికి వదిలేశారు. ఒక వైపు నుంచి నిండు మనిషి కనిపిస్తాడు. రెండడుగులు పక్కకు వేస్తే అక్కడ పలకల అంచులే మిగులుతాయి. పిక్సార్ వాళ్లు పారదర్శకతతో చెప్పినదాన్నే ఈమె ఖాళీతో చెప్పారు. పైగా ఇక్కడ చూసేవాడే కదలాలి, అందుకే ఆ మాట ఒంటికి తగులుతుంది.

అంతకు రెండేళ్ల ముందు, 2001లో చేసిన 'ఐ నో యు ఇన్‌సైడ్ ఔట్' నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అందులోని శరీరం జోసెఫ్ పాల్ జెర్నిగన్‌ది. హత్య కేసులో 1993లో టెక్సాస్‌లో మరణశిక్ష అమలైన ఖైదీ. దేహాన్ని శాస్త్రానికి ఇచ్చాడు. దాన్ని గడ్డకట్టించి, మిల్లీమీటరు చొప్పున చెక్కుతూ 1,871 ఫొటోలు తీశారు. 1994లో అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాటిని ప్రపంచానికి విడుదల చేసింది. ఎన్నో త్రీడీ పాఠాలకు అతనే మూలం. ఆ పాఠాల్లో అతను పేరులేని నమూనా. ఆలివర్ దొంతరలో మళ్లీ ఒక మనిషి. అయినా దేహమిచ్చినప్పుడు గ్యాలరీలో నిలబడతానని అతను ఊహించి ఉండడు. శాస్త్రానికి ఇచ్చిన అనుమతి కళకూ చెల్లుతుందా? ఆ శిల్పం ఈ ప్రశ్నను లేపుతుందేగాని తన మీద తాను వేసుకోదు. సొంత కుటుంబాన్ని స్కాన్ చేయించుకోవడంతో ఆమె ఆ చిక్కును దాటారు, తీర్చలేదు.

సహకారం అన్న మాటకొస్తే పిక్సార్ జట్టుకే నా ఓటు. అక్కడ కంప్యూటర్ వాళ్లూ డాక్టరూ ఒకే బొమ్మకు పూచీ పడ్డారు. ఆలివర్ తొలి పనుల్లో శాస్త్రం డేటా ఇచ్చి పక్కకు జరిగింది. తర్వాత కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్తలతో కలిసి వర్చువల్ రియాలిటీలో చేసిన 'మై డేటా బాడీ'లో ఆ లోటు కొంత తీరింది. అందులో ఒక పారదర్శక దేహంలో స్కాన్‌తో పాటు సోషల్ మీడియా వంటి సొంత డేటా కూడా నింపారు. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లు దాన్ని విప్పి చూడొచ్చు. పలకల మధ్య ఖాళీ మాత్రం ఇప్పుడు లేదు. ఆ దొంతర్లు నిలబడిన తీరు తెలిసినవారికి ఇది నష్టంగానే తోస్తుంది.