రంగన్యాయము, లోకన్యాయము: ‘అబ్లివియన్’ క్రీడలో ఆవృత్తియు బలసామ్యమును

వీరగాథను చెప్పు ప్రతి కృతియు ఒక ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసియుండును. నాయకుడు గొప్పవాడని, లేదా గొప్పవాడగుచున్నాడని మనకు తెలియుట యెట్లు? దండి కావ్యాదర్శమున దీనికి రెండు మార్గములు చూపినాడు. నాయకుని గుణములను ముందుగా నెలకొల్పి, వానిచేతనే శత్రువులను నిరసింపజేయుట మొదటిది. శత్రువు వంశమును, వీర్యమును, విద్యను సయితము వర్ణించి, అట్టివానిని గెలిచినందున నాయకుని ఉత్కర్షను తెలుపుట రెండవది. ఈ రెండవ మార్గముపై దండి తన ప్రీతిని దాచుకొనలేదు. అయితే ఇందు చెప్పకయే తెలియవలసిన నియమమొకటి కలదు. శత్రువు గొప్పతనము నాయకునితో నిమిత్తము లేకుండ ముందే ఉండవలయును. నాయకునికొరకు అప్పటికప్పుడు సిద్ధపరచిన శత్రువును గెలుచుటవలన నాయకుని కొలత తెలియదు.

ఈ సూత్రమును కావ్యమునకు గాక ఒక వీడియో గేమునకు అన్వయించి చూచుట ప్రస్తుత వ్యాసోద్దేశము. ఆ క్రీడ అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమునందలి బెథెస్డా గేమ్ స్టూడియోస్ వారు 2006 మార్చిలో వెలువరించిన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 4: అబ్లివియన్’. నిర్దేశకుడు టాడ్ హవర్డ్. ప్రధాన రూపకర్త కెన్ రోల్‌స్టన్. ఇది పాత్రధారణ క్రీడ. అనగా ఆటగాడు ఒక పాత్రను కల్పించుకొని, దాని శక్తులను పెంచుకొనుచు, సిరోడీల్ అను కల్పితదేశమున తన ఇచ్చవచ్చినట్లు సంచరించును. ఆ దేశపు రాజధానిలో ద్వంద్వయుద్ధములకై ఏర్పడిన రంగమొకటి కలదు. దానికి ‘అరీనా’ యని పేరు. ఈ వ్యాసమునకు కేంద్రము ఆ రంగమే.

ముందుగా రెండు పరిభాషలను నిర్ణయించుకొనవలయును. ఫలముకొరకు, అనగా సంఖ్య పెరుగుటకొరకు, రుచిలేని పనిని మరల మరల చేయుటను ఆటగాండ్రు ‘గ్రైండింగు’ అందురు. తిరుగలి త్రిప్పువాని శ్రమ ఆ మాటలో ధ్వనించుచున్నది. దీనిని ఈ వ్యాసమున ఆవృత్తి యందును. పోరునందు ఇరుపక్షముల శక్తి ఒకదానినొకటి మ్రింగివేయకుండునట్లు అమర్చు నేర్పును వారు ‘బ్యాలెన్సు’ అందురు. దీనిని బలసామ్యమందును. ఈ రెండును యంత్రశిల్పులకు సంబంధించిన విషయములే కాని సాహిత్యవిమర్శకు చెందినవి కావని తోచవచ్చును. కాని ఇట్టి క్రీడలో నాయకుని ఉత్కర్షను తెలుపు సాధనములు ముఖ్యముగా ఇవియే. కావ్యమున వర్ణన చేయుపనిని ఇచట గణన చేయుచున్నది. కావున గణనమందలి దోషము కథాదోషమే యగును.

అబ్లివియన్‌లో పెంపు విధానమిట్టిది. పాత్రకు 8 గుణములు, 21 విద్యలు కలవు. అదృష్టము తప్ప తక్కిన 7 గుణములును ఒక్కొక్కటి 3 విద్యలకు అధిపతులు. విద్య వాడుకచేతనే పెరుగును. కత్తి త్రిప్పినవానికి కత్తి, మంత్రము ప్రయోగించినవానికి మంత్రము అలవడును. లోకానుభవమునకు ఇంత దగ్గరగా నున్న ఊహ మెచ్చదగినది. అయితే ఆటగాడు 7 విద్యలను ప్రధానవిద్యలుగా ఎంచుకొనవలయును. ఆ ఏడింటియందును కలిపి 10 మెట్లు పెరిగిన పిమ్మట, పాత్ర శయ్యపై నిద్రించి లేచినచో, ఒక స్థాయి హెచ్చును. అపుడు 3 గుణములను పెంచుకొనవచ్చును. ఒక గుణము ఎంత పెరుగునన్నది దానికి లోబడిన విద్యలు ఈలోపల ఎన్ని మెట్లు పెరిగినవను లెక్కపై ఆధారపడును. అవి ఏమియు పెరుగనిచో 1. పది మెట్లు పెరిగినచో 5. అదృష్టము మాత్రము ఎప్పుడును ఒకటియే పెరుగును. పాత్ర ప్రాణబలమునకు ప్రతి స్థాయియందును సహనశక్తిలో పదియవవంతు చేరును. సహనశక్తి తరువాత నెంత పెరిగినను, గడచిన స్థాయిలలో తక్కువపడిన ఆ వంతు తిరిగి రాదు.

ఈ విధానము వలన కలుగు ఫలమును తెలిసికొనుటకు ఇద్దరాటగాండ్రను ఊహింతము. మొదటివాడు వాక్చాతుర్యమును, వర్తకమును ప్రధానవిద్యలుగా గ్రహించి, కథ పిలిచిన చోటికెల్ల పోయి, బేరములాడుచు, మనుష్యులతో మెలగుచు స్థాయిలను గడించెను. రెండవవాడు తాను వాడనెంచని విద్యలనే ప్రధానములుగా ఎంచుకొనెను. ఇక స్థాయి తన ఇష్టము లేక పెరుగదు. పిదప అతడు కాగితముపై లెక్కవేసికొనుచు, బాటపొడుగున గంతులు వేయుచు, అల్పమంత్రమునొకదానిని వందలమార్లు ఉచ్చరించుచు, తీరమున నొక ఎండ్రకాయచేత డాలుపై కొట్టించుకొనుచు నిలిచెను. మొదటివాడు పాత్రయై జీవించెను; రెండవవాడు పాత్రను పద్దుపుస్తకముగా జేసెను. క్రీడ రెండవవానినే సన్మానించును. ఇది ఆటగాని లోభము వలన కలిగిన దోషము కాదు. విధానమే అతనినట్లు నడపుచున్నది.

దీనికి కారణము లోకమందలి బలసామ్యము. ఈ క్రీడలో శత్రువులు పెక్కురు నాయకుని స్థాయిననుసరించి పెరుగుదురు. వర్తకమున స్థాయి హెచ్చినను, ఖడ్గవిద్యయందు హెచ్చినను అడవిలోని శత్రువునకు భేదము తెలియదు. అతడు తన బలమును పెంచుకొనును. ఆరంభమున తోలుకవచములతో తిరిగిన దారిదోపిడిగాండ్రు, నాయకుడు పై స్థాయిలకు పోవుసరికి ‘గ్లాస్’ అను అపూర్వలోహపు కవచములు ధరించి ప్రత్యక్షమగుదురు. అట్టి కవచము తొడిగినవాడు బాటసారినడ్డగించి నూరు నాణెములడుగును. కవచమునమ్ముకొన్నచో వానికి దోపిడితో పనియే లేదు. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యము తప్పినచోట నవ్వు పుట్టుననుటకు ఇంతకంటె చక్కని లక్ష్యము దొరకదు. అంతేకాక, నాయకుని విద్యలకును గుణములకును సాధనచేత 100 పరిమితి. శత్రువులలో కొన్ని జాతుల ప్రాణబలము మాత్రము నాయకుని స్థాయితోపాటు పెరుగుచునే యుండును. అందుచేత పై స్థాయిలలో పోరు కఠినమగుటకు బదులు దీర్ఘమగును. కొట్టినవానినే కొట్టుచుండవలసి వచ్చును. ఆవృత్తి సాధననుండి యుద్ధమునకు ప్రాకినది.

వైపరీత్యమింతటితో ముగియదు. నిద్రించిననే కదా స్థాయి పెరుగునది? నిద్రింపక మొదటి స్థాయియందే నిలిచి ప్రధానకథను తుదిముట్టించుట సాధ్యము. పెరుగకుండుటయే బలమైనపుడు, పెంపును ప్రాణముగా జేసికొన్న క్రీడ తన ప్రతిజ్ఞను తానే భంగపరచుకొన్నట్లయినది. దండి మార్గమున శత్రువు ఔన్నత్యము నాయకునికి కొలబద్ద. ఇచట కొలబద్ద కొలువబడు వస్తువుతోపాటు సాగుచున్నది.

దీనికి పూర్వపక్షము లేకపోలేదు. ఎపుడైనను ఎచటికైనను పోగల స్వేచ్ఛ ఈ క్రీడకు జీవము. శత్రువుల బలము ముందే నిర్ణీతమైనచో ఆటగాడు కొన్ని దిక్కులకు పోలేడు. పోదగిన దిక్కులందు కొంతకాలమునకు తన్నెదిరింపగలవాడుండడు. ఇదే మాలికలో 2002లో వెలువడిన ‘మారోవిండ్’లో మనుష్యశత్రువులు పెక్కురు నిర్ణీతబలము కలవారు. ఆరంభమున కాలుజారి ప్రవేశించిన గుహ మృత్యుముఖమగును. కడపట నాయకునికి లోకమంతయు తృణప్రాయమగును. ఈ రెండవ దోషము నిజమైనదే. కాని దానియందు ఒక అర్థము కలదు. ఒకనాడు పారిపోయి వచ్చిన గుహకు మరల పోయి గెలిచినవాడు తన పెంపును కన్నులార చూచుకొనును. అతడు చేసిన ఆవృత్తి వ్యర్థము కాదు, అభ్యాసము. అబ్లివియన్‌లో అతడు ఏ గుహకు పోయినను అచటి శత్రువు అతని నీడయే. స్వేచ్ఛ దిక్కులయందు లభించినది, ఫలమునందు నశించినది.

ఇట్టి లోకమునుండి రంగమునకు వచ్చినచో బలసామ్యము తనకు తగిన చోటికి చేరినట్లు తోచును. ఇందుకు చరిత్రయందును ఒక సూచన కలదు. ఈ మాలికలోని మొదటి క్రీడ 1994లో ‘అరీనా’ యను పేరుతోనే వెలువడినది. మల్లులజట్టు ఊరూర రంగములకు పోయి పోరాడునట్టి క్రీడగా దానిని మొదట తలపెట్టిరి. నిర్మాణక్రమమున దేశసంచారము ప్రధానమై, రంగము మాయమై, పేరు మాత్రము మిగిలినది. సమబలులు తలపడు రంగమునుండి విశాలలోకము పుట్టినదన్నమాట. 2006 నాటి క్రీడలో లోకమునకును రంగన్యాయమే అంటినది. ఇది నిర్మాతల సంకల్పమని ఈ వ్యాసకర్త చెప్పుటలేదు. కృతియందు కనబడు పోలికను మాత్రమే చూపుచున్నాడు.

రాజధానిలోని రంగమునకు నియమములు స్పష్టములు. నాయకుడు నీలపక్షమున చేరి పసుపుపక్షమును ఎదుర్కొనవలయును. రంగము విధించిన ఉడుపునే ధరింపవలయును. చచ్చినవాని సొత్తు దోచరాదు. రంగము క్రింది భూగృహమున నొక తొట్టి కలదు. దానిని సేవించినచో గాయములు మాని, ప్రతి పోరును నిండుబలముతో ఆరంభింపవచ్చును. ‘పిట్ డాగ్’ మొదలు ‘హీరో’ వరకు 7 పదవులు, పదవికి 3 పోరాటములు, మొత్తము 21. అటుపిమ్మట ‘చాంపియన్’ అయినవాడు గ్రాండ్ చాంపియనును సవాలు చేయవచ్చును. ఇచట ప్రతిపక్షి నాయకుని స్థాయికి తగినవాడగుట దోషము కాదు. జోడును చూచి దింపుట రంగమునకు ధర్మము. అడవిలోని దొంగ మనకు సమానుడగుటకు కారణము లేదు. రంగమున ప్రతిపక్షి సమానుడు కాకుండుటకు కారణము కావలయును. ఆవృత్తియు ఇచట అంతగా బాధింపదు. ఇరువదియొక్క పోరాటములు ఒకే తీరువైనను, ప్రతి మూడింటికి పదవి మారును. ఒకచోట ముగ్గురు ఆర్గోనియను ఖైదీలను ఒక్కడే ఎదుర్కొనవలసివచ్చును. అన్నింటికిని పైగా, కడపటి ప్రతిపక్షి మొదటిదినమునుండి ఆ భూగృహముననే సాధన చేయుచు నాయకునికి కానవచ్చును. దండి కోరిన పూర్వవర్ణన ఇదియే.

అతని పేరు అగ్రోనాక్ గ్రో-మాలోగ్. బిరుదము ‘గ్రే ప్రిన్స్’, అనగా ధూసర రాకుమారుడు. తాను ఒక ప్రభువునకు, ఒక పరిచారికకు జన్మించితినని తల్లి చెప్పగా విన్నవాడు. తన వంశమునకు సాక్ష్యము తెమ్మని అతడే నాయకుని క్రోహేవెన్ అను పాడుబడిన దుర్గమునకు పంపును. అచట తేలిన సత్యము వేరు. తండ్రి లోవిడికస్ ప్రభువే, కాని రక్తపిశాచము. ఈ వార్త విన్న అగ్రోనాక్ క్రుంగిపోవును. అనంతరము రంగమున ఎదురుపడినపుడు అతడు కత్తియెత్తడు. తన్ను చంపుమని వేడును.

ఇది చదువరులకు ఆదిపర్వమందలి కుమారాస్త్రవిద్యాప్రదర్శన ఘట్టమును స్ఫురింపజేయక మానదు. అర్జునునితో ద్వంద్వమునకు నిలిచిన కర్ణుని కృపుడు వంశమడుగును. సమానులకే ద్వంద్వమను న్యాయము అచట బలమునకు గాక కులమునకు అన్వయించినది. దుర్యోధనుడు అంగరాజ్యమిచ్చి ఆ లోటును అప్పటికప్పుడు పూరించెను. సూతుడైన తండ్రి రంగమునకు వచ్చినంతనే భీముని ఎగతాళి దానిని మరల తెరచెను. రెండు కథలయందును భుజబలమున లోటు లేని వీరుని జన్మప్రశ్న రంగముననే పడగొట్టినది. భేదమేమన, కర్ణుని ప్రశ్నించినవారు పరులు. అవమానము అతని పోరాటమును ఆపలేదు. అగ్రోనాక్ తన్ను తానే ప్రశ్నించుకొనెను. సమాధానము తెచ్చి యిచ్చినవాడు ఆటగాడు. వీరరసమునకు స్థాయి ఉత్సాహమని ఆలంకారికులనిరి. ప్రతిపక్షి ఉత్సాహము నశించినంతనే నాయకుని వీరము కరుణముగా మారినది. ఇరువదియొక్క పోరాటములు కూర్చిన బలసామ్యమును భగ్నము చేసినది సంఖ్య కాదు, ఒక సత్యము తెలియుట. ఈ క్రీడయందు జయమునకు అర్థమేమని ఆటగాడు తన్ను తానడుగుకొనవలసివచ్చు ఘట్టము ఇంతటిది మరియొకటి లేదు.

అయినను కృతి తన అలవాటును పూర్తిగా వదలుకొనలేదు. సాక్ష్యము తెచ్చినందులకు అగ్రోనాక్ నాయకునికి కొన్ని విద్యలయందు మెట్లు పెంచి పంపును. ఒకని శోకమును కూడ క్రీడ సంఖ్యగా మార్చి జమకట్టినది. గ్రాండ్ చాంపియనైన పిదప వారమునకొక మారు మృగములతో పోరు మిగులును. అదియు నాయకుని స్థాయిననుసరించునదే. దానికి పదవి లేదు, కథ లేదు, అంతము లేదు. అభ్యాసముగా మొదలైన ఆవృత్తి ఇచట పునరుక్తిగా ముగిసినది.

తరువాతి చరిత్ర ఈ విమర్శకు కొంత సాక్ష్యమిచ్చుచున్నది. 2011 నాటి ‘స్కైరిమ్’లో శత్రువులు నాయకునితో పెరుగుట నిలువలేదు గాని, ఆయా ప్రదేశములకు కనీసబలము నిర్ణయించి, మొదటి ప్రవేశమున ఏర్పడిన స్థాయిని స్థిరపరచుట జరిగినది. 2025 ఏప్రిలులో వెలువడిన అబ్లివియన్ పునఃసంస్కరణమున ప్రధానము గాని విద్యలును స్థాయికి తోడ్పడుచున్నవి. ప్రతి స్థాయికి 12 అంకెలనిచ్చి గుణములకు పంచుకొమ్మన్నారు. పద్దువ్రాయు ఆటగానికి పూర్వమున్న అధికలాభము దీనితో పోయినది. లోకము నాయకునితో పెరుగు పద్ధతి మాత్రము పోలేదు. అనగా ఆవృత్తికి చికిత్స జరిగినది. దానికి మూలమైన బలసామ్యమునకు జరుగలేదు.

కావున తేలిన సారాంశమిది. ఆవృత్తి స్వతః దోషము కాదు. దానిచేత నాయకునికిని లోకమునకును గల సంబంధము మారనిచో దోషము. బలసామ్యము స్వతః గుణము కాదు. సమత ధర్మమైన రంగమున గుణము, విషమత ధర్మమైన లోకమున దోషము. ఇట్టి క్రీడలను పరిశీలింపబూనిన పరిశోధకుడు కథను, సంభాషణలను, చిత్రములను మాత్రమే చూచి గణనమును విడిచినచో, ఛందస్సును విడిచి పద్యమును విమర్శించినట్లగును. అబ్లివియన్ కథ నాయకుడు లోకరక్షకుడయ్యెనని చెప్పుచున్నది. దాని గణనము ఆ లోకమున ఏ దొంగయు అతనికి తీసిపోడని చెప్పుచున్నది. ఈ రెండు వాక్యములలో ఆటగాడు దేనిని నమ్మునో నిర్ణయించునది కథ కాదు, అతడు గడపిన గంటలు.