అంచు చూశాకే మాట

"రూపాయి బిళ్ళ మింగేశాడు డాక్టరుగారూ" అంటూ పిల్లాణ్ణి ఎత్తుకుని పరుగున వస్తారు. మింగుతుండగా ఎవరు చూశారమ్మా అంటే, చాలాసార్లు ఎవరూ చూసి ఉండరు. పక్కన చిల్లర పడి ఉంది కాబట్టి చిల్లరే అనుకుంటారు. అందుకే నేను మరో ప్రశ్న వేస్తాను: ఇంట్లో రిమోట్లన్నీ పనిచేస్తున్నాయా, బొమ్మల్లో సెల్ ఏదన్నా ఊడిందా?

ఇప్పటి రూపాయి బిళ్ళ అడ్డంగా 20–22 మిల్లీమీటర్లు. చిన్న రిమోట్లలో, కారు తాళాల్లో వేసే సీఆర్ 2032 సెల్ 20. ఎక్స్‌రేలో రెండూ తెల్లటి చందమామలే. ఇక్కడ తొందర పనికిరాదు. బొమ్మను పెద్దది చేసి అంచు చూడాలి. నాణెమైతే అంతా ఒకే తెలుపు. సెల్ అయితే అంచుకు కాస్త లోపలగా ఇంకో వలయం కనబడుతుంది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో ఒకవైపు చిన్న మెట్టు ఉంటుంది. ఆ సన్నని వైపే నెగిటివ్. అది ఎటు తిరిగి ఉంటే గాయం అటే లోతుగా దిగుతుంది. ముందుకు తిరిగి ఉంటే ఆనుకునే శ్వాసనాళం ఉంది.

సెల్ పగిలి లోపలి మందు కారితేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. పగలక్కర్లేదు. అన్నవాహిక తడి తగిలితే చాలు, కరెంటు పారి నెగిటివ్ దగ్గర క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే కండ కాలిపోవచ్చు. రిమోట్‌కు చాలని పాత సెల్‌కూ ఆ సత్తువ ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్ళు అరటిపండు పెట్టమంటారు. కడుపులోకి దిగిన నాణెం మామూలుగా విరేచనంలో పోయేమాట నిజమే. కానీ దిగిందో లేదో ఇంట్లో ఎలా తెలుస్తుంది? చొంగ కారుస్తూ, ముద్ద వద్దని ఏడుస్తుంటే అడ్డం పడిందని అనుమానించాలి. ఏ లక్షణమూ లేకుండా ఆడుకునే పిల్లలూ ఉంటారు. వేలు పెట్టి కక్కించవద్దు, ఏమీ తినిపించవద్దు. సెల్ అని అనుమానం ఉంటే తేనె ఒక్కటే మినహాయింపు: ఏడాది దాటిన బిడ్డకు, మింగి 12 గంటలు కాకపోతే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాలు, ఆరుసార్లకు మించకుండా. తేనె కోసం ప్రయాణం ఆపకండి.

సెల్ గొంతులోనో అన్నవాహికలోనో ఉందని తేలితే, పొద్దున చూద్దామని ఎవరన్నా ఒప్పుకోకండి. పిల్లలకు ఎండోస్కోపీ చేసే ఆసుపత్రికి ఆ రాత్రే బయల్దేరండి.