ఒప్పుకున్న మాట, వెనక్కి తీసుకున్న మాట

నేరం ఒప్పుకున్న మనిషి ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకుంటానంటే మనం వెంటనే అనుమానిస్తాం. మొదట చెప్పిందే నిజమనీ, తర్వాతది ఎవరో నేర్పించిందనీ అనుకుంటాం. పత్రికల భాష చూడండి: సాక్షి ‘అడ్డం తిరిగాడు’, ముద్దాయి ‘మాట మార్చాడు’. ఇచ్చిన మాట మీద నిలబడటాన్ని మగవాడి పరువుగా కొలిచే సమాజం తయారుచేసుకున్న భాష ఇది. మొదటి మాట ఎక్కడ, ఎవరి ముందు, ఏ భయంతో ఇచ్చారన్న ప్రశ్నకు ఇందులో చోటు లేదు.

స్త్రీవాద విమర్శ ఒప్పుకోలును అనుమానంగానే చదివింది. అది అధికారం పనిచేసే పద్ధతుల్లో ఒకటని ఫూకో 1976లో రాశాడు. తప్పు తనదేనని ఆడమనిషి చేత పదిమందిలో చెప్పించడం మన ఇళ్లలోనూ కుల పంచాయితీల్లోనూ అంతకు ముందునుంచీ ఉన్నదే. అందుకే మన సానుభూతి సహజంగా మాట వెనక్కి తీసుకునేవాళ్ల వైపు మొగ్గుతుంది. ఆ సానుభూతి ఒక్కటే చాలదని నా వాదన.

చట్టం దృష్టిలో ఈ మాటలు రెండు రకాలు. కోర్టులో అభియోగం విని ‘నేరం చేశాను’ అనడం ఒకటి. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నేర విచారణ స్మృతిలో విడిగా సెక్షన్ లేదు. న్యాయమూర్తి విచక్షణే దిక్కు. అలా ఒప్పుకుని శిక్షపడ్డవాళ్లు సాధారణంగా శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నంతవరకే అప్పీలు చేసుకోగలరు. రెండోది, విచారణకు ముందే మేజిస్ట్రేటు ఎదుట ఇచ్చే నేరాంగీకార వాంగ్మూలం. పాత స్మృతిలో అది 164వ సెక్షన్, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త స్మృతిలో 183. చెప్పితీరాలని లేదనీ, చెబితే నీమీదే వాడవచ్చనీ హెచ్చరించాకే మేజిస్ట్రేటు రాసుకోవాలి. ముద్దాయి తర్వాత కాదన్నా ఆ కాగితం చెరిగిపోదు. అది నిజమనీ స్వచ్ఛందమనీ నమ్మితే కోర్టు దాన్ని ఆధారం చేసుకోవచ్చు, అయితే వేరే సాక్ష్యం దాన్ని బలపరచాలని చూడటం వివేకమని ప్యారేలాల్ భార్గవ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ వాంగ్మూలంలో ‘నేను’ అనేది ముద్దాయి, రాసేది కోర్టు. పాఠ్యాన్ని చదివేవాళ్లు మొదట చూడవలసింది ఈ తేడానే.

విశాఖలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రికి ఈ తేడా తెలుసు. ‘మాయ’ కథలో సారా కేసు ముద్దాయి ముత్యాలమ్మ పోలీసులూ కోర్టులూ డబ్బూ ఎలా ముడిపడి ఉన్నాయో కొత్త వకీలు మూర్తికి విడమరిచి చెబుతుంది. వ్యవస్థ మీద విమర్శగా ఆ మాటల్ని మనం మెచ్చుకుంటూ వచ్చాం. ఆమె వాటిని ఎవరితో చెబుతోందో కూడా గమనించాలి. అవి వకీలు చెవిన పడేవే తప్ప మేజిస్ట్రేటు రాసుకునే కాగితం మీదికి ఎక్కేవి కావు. రికార్డులో ఆమె ఉత్త ముద్దాయి, కథలో సాక్షి.

పేదరాలు ముద్దాయిగా నిలబడ్డ చోట ఈ చదువు తేలిగ్గా కుదురుతుంది. కడప జిల్లాలో మూడు ఊళ్ల మీదుగా నడిచిన కేసు దగ్గర అంత తేలిగ్గా కుదరదు. 2019 మార్చి 15న మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి పులివెందులలో తన ఇంట్లో హత్యకు గురయ్యారు. మొదట గుండెపోటు అని ప్రచారమైంది. 2020 మార్చిలో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. 2021 జూలైలో ఇంటి కాపలాదారు జమ్మలమడుగు మేజిస్ట్రేటు ఎదుట సాక్షిగా వాంగ్మూలం ఇచ్చాడు. ఆగస్టులో ఒకప్పటి కారు డ్రైవరు ప్రొద్దుటూరులో తన పాత్ర ఒప్పుకున్నాడు. నవంబరులో కడప కోర్టు అతన్ని అప్రూవర్‌గా అంగీకరించింది. వాంగ్మూలం ఇస్తామని తర్వాత వెనక్కి తగ్గినవాళ్లూ ఉన్నారు. తమమీద ఒత్తిడి తెచ్చింది సీబీఐయేనని వాళ్లన్నారు, వాళ్లను నిందితుల వైపువాళ్లు ప్రభావితం చేశారని సీబీఐ అంది. నేరం ఎవరిదో తేల్చవలసింది కోర్టు. నేను చూస్తున్నది మాటలు నడిచిన దారిని మాత్రమే.

ఆ దారికి రెండువైపులా కంచె ఉంది. అప్రూవర్ మాట తప్పితే పాత స్మృతి 308వ సెక్షన్ కింద మళ్లీ ముద్దాయి అవుతాడు, అతని వాంగ్మూలమే అతని మీద సాక్ష్యమవుతుంది. మాట మీద నిలబడితే ఆ ఊళ్లోనే బతకాలి. ఇక్కడ ఆ మాటలు నిలబడాలని కోరుతున్నది ఒక కూతురు. సీమ ఫ్యాక్షన్ కథల్లో, సినిమాల్లో ఆడవాళ్లు ఎక్కువగా శవం మీద పడి ఏడవడానికో, కొడుకును పగకు పురికొల్పడానికో వస్తారు. డాక్టర్ సునీత నర్రెడ్డి తల్లితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లి, విచారణ జరిగే చోటు మార్చమని అడిగారు. కూతురిగా, భార్యగా న్యాయం పొందే హక్కు వాళ్లకుందని గుర్తించి, 2022 నవంబరు 29న కోర్టు కేసును కడప నుంచి హైదరాబాదుకు బదిలీ చేసింది. ఇలాంటి పాత్రకు మన కథల్లో ఇంకా మాటలు పుట్టలేదు.

ఒప్పుకోలును బలవంతపు మాటగానూ, దాన్ని కాదనడాన్ని ధిక్కారంగానూ చదివే అలవాటు ఇక్కడ పనికిరాదు. వెనక్కి తగ్గిన మాట వెనకా బలవంతులుండొచ్చు. అత్యాచారానికి గురైన స్త్రీ వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు నమోదు చేయాలని 2013 సవరణ చెప్పింది. నెలలూ ఏళ్లూ గడిచి కోర్టులో ఆమె ఇంకోలా చెబితే ‘హోస్టైల్’ అని రాసేసుకుంటారు. ఆ మధ్యకాలంలో రాజీకి వచ్చిపోయిన పెద్దమనుషుల పేర్లు ఏ కాగితంలోనూ ఉండవు.

కాబట్టి ఏ మాట నిజమని అడిగే ముందు రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఆ రెండు తేదీల మధ్య ఆ మనిషి ఎవరి నీడన ఉంది, ఆమెకు ఎవరు అన్నం పెట్టారు, గుమ్మంలోకి ఎవరెవరు వచ్చిపోయారు? కోర్టు రాసుకోని ఆ రోజుల్ని రాయవలసిన పని కథకులది. వాటిని అడిగి చదవవలసిన పని మనది.